క్రాక్ సాఫ్ట్‌వేర్ తీసేస్తే సరిపోదు

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక తెలుగు రైల్వే కుటుంబాన్ని ఊహించుకుందాం. ప్రాజెక్టు కోసం అబ్బాయి యాంటీవైరస్ ఆపి, క్రాక్ సాఫ్ట్‌వేర్ వేశాడు. మర్నాడు ఇంట్లోవాళ్ల ఫోటోలేవీ తెరుచుకోలేదు. 2018 నుంచి కనిపిస్తున్న ‘స్టాప్’ రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇలాగే వ్యాపించింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్ తొలగిస్తే చాలా? చాలదు. అడ్మిన్ అనుమతి పొందిన మాల్‌వేర్ మరోచోట దాక్కోగలదు. బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు అప్పటికే బయటకు పోయి ఉండవచ్చు.

ముందు ఇంటర్నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల్లో లాగౌట్ చేయండి. తాళం పడ్డ ఫైళ్లను చెరపకుండా విడి డిస్క్‌లో దాచండి. కొన్ని రకాలకు ‘నో మోర్ రాన్సమ్’ సైటులో విడిపించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. తర్వాత కంప్యూటర్ డిస్క్ పూర్తిగా తుడిచి, మరో మంచి కంప్యూటర్‌లో తయారుచేసుకున్న పెన్‌డ్రైవ్‌తో అసలు విండోస్ వేయండి. బ్యాంకు డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.