తిరుత్తణిలో కూర్చుని తెలుగు ఈ-పుస్తకం తేవడం ఎలా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి, అంటే నేటి తమిళనాడుకు, మారింది. అంతకు ముందు బడిలో చేరి తెలుగు అక్షరాలు దిద్దినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్లకు చదవడం వచ్చు, చిన్న అచ్చు కనబడదు. వాళ్ల పిల్లలు కూడబలుక్కుని చదువుతారు. ఇక మనవళ్లు, మనవరాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడుతారు గానీ చాలామందికి తెలుగు అక్షరం తెలియదు. 2006 నాటి చట్టంతో తమిళం బడిలో నిర్బంధ పాఠ్యభాష అయ్యాక ఈ తేడా ఇంకా పెరిగింది.

తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట, తిరువళ్లూరు పక్కల కూర్చుని తెలుగులో రాసేవాళ్లు ఎవరికోసం రాస్తున్నారంటే ఈ మూడు తరాలకోసం. అచ్చు పుస్తకం ఒక్క తరానికే అందుతుంది. ఈ-పుస్తకం మూడింటికీ అందగలదు, ఒక షరతు మీద: అందులోని అక్షరం అక్షరంగానే ఉండాలి, బొమ్మగా కాదు. అక్షరంగా ఉంటే పెద్దవాళ్లు దాన్ని ఎంత పెద్దదిగానైనా చేసుకోవచ్చు. ఫోను దాన్ని పైకి చదివి వినిపించగలదు. దాన్నే తమిళ లిపిలోకి కూడా మార్చుకోవచ్చు. పేజీలను స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే వీటిలో ఏదీ సరిగా కుదరదు. కింద చెప్పే పనులన్నీ ఈ షరతు చుట్టూనే తిరుగుతాయి. కంప్యూటరు చదువు అక్కర్లేదు. ఫోనులో వాట్సాప్ వాడటం వచ్చినవాళ్లు, అప్పుడప్పుడు ఒక కంప్యూటరు దొరికితే చాలు, ఈ పని చేసుకోగలరు.

మొదటి పని: రాతను యూనికోడ్‌లోకి తేవడం

యూనికోడ్ అంటే ఏ ఫోనైనా తెలుగు అక్షరంగానే గుర్తుపట్టే రూపం. మీ రాత నోటుబుక్కులో ఉంటే ఫోనులో జీబోర్డ్ అనే కీబోర్డు వేసుకుని తెలుగు చేర్చండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతీ, తెలుగు అక్షరాల కీబోర్డూ రెండూ అందులో ఉన్నాయి. వేళ్లు నొప్పి పుడితే మైకు గుర్తు నొక్కి చదవండి, అదే టైపు చేసుకుంటుంది. మన వైపు యాసను అది తరచు పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది. కాబట్టి చెప్పించుకున్న ప్రతి పేరానూ అప్పటికప్పుడే సరిచూసుకోండి. మర్నాటికి వదిలేస్తే మీరు అసలు ఏ మాట అన్నారో మీకే గుర్తుండదు.

పత్రికల్లో అచ్చయిన పాత కథలుంటే వెలుతురు బాగా పడే చోట ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటరులో దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. వత్తుల దగ్గర, అచ్చు వెలిసిన చోట తప్పులు పడతాయి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి.

ఎప్పుడో నగరిలోనో పుత్తూరులోనో డీటీపీ షాపులో టైపు చేయించిన ఫైలు ఉంటే అది చాలావరకు అను ఫాంట్లలో ఉంటుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అను ఫైలు తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు ఆకారాలు తొడిగిన వేరే అక్షరాలు. తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఆ ఫైలులోంచి రెండు వాక్యాలు కాపీ చేసి వాట్సాప్‌లో ఎవరికైనా పంపండి. అవతల తెలుగులోనే కనిపిస్తే అది యూనికోడ్. పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తే మార్చుకోవాలి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత సాధనాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మార్చాక కనీసం ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే. రావత్తులూ, అరుదుగా వాడే సంయుక్తాక్షరాలూ తారుమారయ్యేది ఎక్కువగా అక్కడే.

రెండో పని: పుస్తకాన్ని శుభ్రం చేయడం

మొత్తం రాతను గూగుల్ డాక్స్‌లో ఒకే ఫైలుగా చేర్చండి. లిబ్రే ఆఫీస్ అలవాటున్నవాళ్లు అందులోనే చేసుకోవచ్చు, అది కూడా ఉచితమే.

ఈ-పుస్తకానికి పేజీ అనేది లేదు. చదివేవారి ఫోను ఎంత వెడల్పు, వాళ్లు పెట్టుకున్న అక్షరం ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి వాక్యాలు తమంతట తామే సర్దుకుంటాయి. అందుకే అచ్చు పుస్తకానికి చేసే అలంకారాలు ఇక్కడ అడ్డం వస్తాయి. కొత్త కథ కొత్త పేజీలో రావాలని ఎంటర్ కీ పది సార్లు కొట్టడం, పేరా మొదట్లో స్పేసులతో జాగా వదలడం, పేజీ నంబర్లు టైపు చేయడం మానేయండి. ప్రతి కథ పేరునూ లేదా అధ్యాయం పేరునూ ఎంచుకుని దానికి 'హెడింగ్ 1' అనే శైలి ఇవ్వండి. విషయసూచిక దాన్ని చూసే తయారవుతుంది. మీరు చేత్తో టైపు చేసిన విషయసూచిక పనికిరాదు, తీసేయండి.

పేరాలను రెండు పక్కలా సమంగా సర్దే జస్టిఫై వాడొద్దు. తెలుగులో మాటలు సంధులూ విభక్తులూ కలిసి పొడుగ్గా ఉంటాయి. చిన్న తెర మీద లైనుకు మూడో నాలుగో మాటలే పడతాయి. వాటిని రెండు చివరలకూ లాగితే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. ఎడమ వైపు మాత్రం సమంగా ఉంచండి. లైనుకూ లైనుకూ మధ్య దూరం ఒకటిన్నర దాకా ఇవ్వండి. కింద వత్తులూ పైన గుడులూ ఉన్న లిపి మనది, ఇరుకుగా పెడితే ఒకదానికొకటి తగులుతాయి.

ఇంకో సూక్ష్మం ఉంది, మన ప్రాంతం వాళ్లకు మరీ ముఖ్యం. 'మణవాళనగర్‌లో' అని రాసేటప్పుడు పొల్లు ర తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. రెండు అక్షరాలు కలవకుండా ఆపేది అదే. అది పోతే మాట 'మణవాళనగర్లో' అయిపోతుంది. హల్లుతో ముగిసే ఊర్ల పేర్లూ మనుషుల పేర్లూ మన రాతల్లో అడుగడుగునా వస్తాయి. ఫైలు ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారేటప్పుడు ఈ గుర్తు కొన్నిసార్లు ఎగిరిపోతుంది. సరిగా ఉన్న మాటను ఒకచోట నుంచి కాపీ చేసుకుని, తప్పుగా ఉన్నచోటల్లా వెతికి మార్చే ఫైండ్ అండ్ రీప్లేస్ వాడండి.

యాసను దిద్దకండి

ఇది సాంకేతికమైన పని కాదు గానీ సాంకేతికత వల్లే చెడేది, అందుకే ఇక్కడ చెబుతున్నాను. మీరు 'యాడ', 'మాపటేళ', 'ఎనుము' అని రాస్తే అక్షరదోషాలు పట్టే సాధనం కింద ఎర్ర గీత గీస్తుంది. దాని మాట వినకండి. కథకుడు స.వెం.రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' పులికాటు సరస్సు పక్క తెలుగులో రాశారు. తిరువళ్లూరు జిల్లా పళవేర్కాడు ఆ సరస్సు ఒడ్డునే ఉంది. ఆ కథల బలం ఆ మాటల్లోనే ఉంది. గుంటూరు పాఠకుడికి అర్థం కాదేమోనని భయముంటే ఆ మాట పక్కన ఫుట్‌నోట్ పెట్టండి. ఈ-పుస్తకంలో ఫుట్‌నోట్ లింకుగా మారుతుంది, కావాలంటే నొక్కి చూసుకుంటారు, వద్దంటే చదువుకుంటూ పోతారు. తమిళం నుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడిన మాటలకూ ఇదే పద్ధతి.

ఒక్క జాగ్రత్త: ఒక మాటను ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాయకండి. ఒక కాగితం మీద మీ వర్ణక్రమం జాబితా రాసుకుని చివరి దాకా దానికి కట్టుబడండి.

మూడో పని: ఈపబ్ చేయడం

గూగుల్ డాక్స్‌లో ఫైల్, డౌన్‌లోడ్, ఈపబ్ అని వరసగా నొక్కితే ఈ-పుస్తకం దిగుతుంది, దాని రూపం పేరే ఈపబ్. లిబ్రే ఆఫీస్‌లోనైతే ఎక్స్‌పోర్ట్ కింద ఉంటుంది. ఆ తర్వాత కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును చేర్చి పుస్తకం పేరు, మీ పేరు, భాష నింపండి. భాష దగ్గర తప్పకుండా తెలుగు అని ఎంచుకోండి. పైకి చదివి వినిపించే సాధనాలు ఏ గొంతు వాడాలో నిర్ణయించుకోవడానికి ఈ సమాచారం తోడ్పడుతుంది. అక్కడ ఇంగ్లీషు అని ఉండిపోతే చదువు గందరగోళమయ్యే ప్రమాదం ఉంది.

ఫాంటు గురించి ఎక్కువ ఆలోచించకండి. చాలా ఫోన్లు తమ దగ్గరున్న తెలుగు ఫాంటుతోనే చూపిస్తాయి. పుస్తకంలోనే ఫాంటు పొదగాలని ఉంటే స్వేచ్ఛగా వాడుకునే హక్కున్నదే ఎంచుకోండి. రామభద్ర, మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా ఉంటుంది కనుక అట్టకూ శీర్షికలకూ బాగుంటుంది, లోపలి రాతకు నా ఓటు నోటో సెరిఫ్‌కే.

ఇప్పుడు ఫైలును మీ ఫోనుకు పంపుకుని గూగుల్ ప్లే బుక్స్‌లో తెరవండి. అక్షరాన్ని అన్నిటికన్నా పెద్దది చేసి చూడండి. విషయసూచికలో ప్రతి కథ మీదా నొక్కండి. చదివి వినిపించే సదుపాయం పెట్టి ఒక కథ మొత్తం వినండి. కంటికి దొరకని తప్పులు చెవికి దొరుకుతాయి. పాత ఫోను ఒకటి, కొత్తది ఒకటి, రెంటిలోనూ చూడటం మంచిది.

అట్ట, ఐఎస్‌బీఎన్, హక్కులు

అట్ట నిలువుగా, 1600 పిక్సెళ్ల వెడల్పు, 2560 ఎత్తు ఉంటే సరిపోతుంది. దుకాణంలో అది బొటనవేలి గోరంత కనిపిస్తుంది. ఆ సైజులో పుస్తకం పేరు చదవగలిగితే అట్ట బాగున్నట్టే. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో పెట్టొద్దు. తిరుత్తణి కొండ బొమ్మ కావాలంటే మీరే తీయండి.

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు. భారతదేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ వెబ్‌సైటులో రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికి తీసుకున్న నంబరు ఈ-పుస్తకానికి వాడకూడదు, వేరే తీసుకోవాలి. ఎవరైనా దీనికి డబ్బులడిగితే అది వాళ్ల సేవకు రుసుమే గానీ నంబరుకు ధర కాదు. గూగుల్ ప్లేలో అమ్మడానికి ఐఎస్‌బీఎన్ లేకపోయినా ఫరవాలేదు.

మీ రాత మీద కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 చట్టం ప్రకారం అది రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. తిరుత్తణిలోనే పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1975లో కన్నుమూశారు, ఆయన రచనల మీద హక్కు 2035 చివరిదాకా నడుస్తుంది. మీ నాన్నగారి కథలో, తాతగారి పద్యాలో వేస్తుంటే ఈ లెక్క చూసుకుని, వారసులందరి దగ్గరా కాగితం మీద ఒప్పుదల తీసుకోండి.

ఎక్కడ పెట్టాలి?

తమిళంలో రాసే మీ పక్కింటివారు అమెజాన్ కిండిల్ పేరు చెబుతారు. వారికది నిజమే. 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలకు తలుపు తీసింది. తెలుగును వదిలేసింది. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు ఇలా జరగడం నాకు బాధగానే ఉంటుంది. అమెజాన్ స్వీయప్రచురణ వేదిక కేడీపీ సహాయ పేజీలో ఒప్పుకునే భాషల జాబితా ఉంటుంది, పుస్తకం ఎక్కించే ముందు చూడండి. అందులో తెలుగు లేనప్పుడు వేరే భాష పేరు పెట్టి ఎక్కించకండి, ఖాతాకే ముప్పు.

అమ్మాలనుకుంటే మనకు అనువైనది గూగుల్ ప్లే బుక్స్. పార్టనర్ సెంటర్‌లో ఖాతా తెరిచి, బ్యాంకు, పన్ను వివరాలు ఇచ్చి, ఈపబ్‌నూ అట్టనూ ఎక్కించి ధర పెట్టాలి. ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారికి ఆ దుకాణం అందుబాటులో ఉంటుంది. కథలు వారం వారం చదివించాలంటే ప్రతిలిపి అనే వేదిక ఉంది, పాఠకుల మాట వెంటనే తెలుస్తుంది.

డబ్బు అక్కర్లేదు, చదివితే చాలు అనుకునేవారు, ఎవరైనా ఉచితంగా పంచుకోవచ్చని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు రాసి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెట్టవచ్చు. 'ఫ్రీ తమిళ్ ఈబుక్స్' స్వచ్ఛంద కార్యకర్తలు ఇలాగే తమిళ రచయితల పుస్తకాలను ఉచితంగా అందరికీ చేరుస్తున్నారు. ఒకసారి ఆ లైసెన్సు ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, ఆలోచించే ఇవ్వండి. ఊళ్లో బంధువులకూ స్నేహితులకూ మాత్రం ఈపబ్‌ను నేరుగా వాట్సాప్‌లో పంపడం కన్నా సులువైన దారి లేదు. దానితో పాటు ఎలా తెరవాలో ఒక నిమిషం వీడియో తీసి పంపండి.

తమిళ లిపిలో మీ తెలుగు

చాలా మార్గదర్శకాల్లో ఈ పని ఉండదు. మనకు మాత్రం ఉండాలి. వినోద్ రాజన్ తయారుచేసిన అక్షరముఖ అనే ఉచిత సాధనం తెలుగు లిపిలోని రాతను తమిళ లిపిలోకి మారుస్తుంది. భాష తెలుగే, అక్షరాలు తమిళం. మీ ఫైలు యూనికోడ్‌లో ఉంటే పుస్తకమంతా మార్చడానికి కొద్ది సమయమే పడుతుంది.

తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. అందుకని అక్షరముఖలో పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపే పద్ధతి ఉంది. పండితులకు అది కావాలి గానీ పిల్లలకు అడ్డం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆ మాట గడ్డమో కడ్డమో సందర్భాన్ని బట్టి తామే పట్టుకుంటారు. అంకెలు లేకుండా ఒక కథ మార్చి, తెలుగు చదవడం రాని పదేళ్ల పిల్ల చేత పైకి చదివించండి. తడబడిన మాటలకు మాత్రమే అంకె పెట్టండి, లేదా విడదీసి రాయండి. ఆ రూపాన్ని వేరే ఈపబ్‌గా చేసి, అట్ట మీద పుస్తకం పేరు రెండు లిపుల్లోనూ వేయండి. పుస్తకం మొదట్లో 'తమిళ లిపిలో తెలుగు' అని స్పష్టంగా రాయండి, లేకపోతే తమిళ పాఠకులు తమ భాషే అనుకుని తెరుస్తారు.

రెండు రూపాలకూ మూలమైన గూగుల్ డాక్స్ ఫైలు ఒకటే ఉంచుకోండి. తప్పు దొరికినప్పుడల్లా ముందు అందులో దిద్ది, ఈపబ్ మళ్లీ దించి, పాతదాని స్థానంలో పెట్టండి. హక్కుల పేజీలో దిద్దిన తేదీ వేస్తే ఎవరి దగ్గర ఏ ప్రతి ఉందో తెలుస్తుంది.