జవాబు చివర చెప్పు

రామచంద్రాపురం

చిరంజీవి తల్లికి,

నువ్వు టీం లీడ్‌వి అయ్యావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. నీ మెయిల్ కూడా చదివాను. టీంలో అందరూ తెలివైనవాళ్లేనని, అయినా ఏ చిక్కు వచ్చినా నీ మొహమే చూస్తారని రాశావు. వాళ్ల చేత కొత్తగా ఆలోచింపజేయడం ఎలా అని అడిగావు.

ముందు నేనొకటి అడుగుతాను. చిక్కు వచ్చినప్పుడు మీ టీంలో మొదట నోరు విప్పేది ఎవరు? నువ్వే అయితే వాళ్లు నీ మొహం చూడటంలో వింత లేదు. పని బాగా వచ్చనే కదా నిన్ను లీడ్‌ని చేశారు. అందుకే సమస్య సగం వినేసరికే పరిష్కారం నీ నోట్లో సిద్ధంగా ఉంటుంది. దానితో ఆ రోజు పని గట్టెక్కుతుంది. నాలుగుసార్లు అలా గట్టెక్కాక, ఐదోసారి ఆలోచించే శ్రమ ఎవరూ పెట్టుకోరు. పెట్టుకున్నా, నువ్వు చెప్పేశాక ఇంకో మాట చెప్పడానికి జంకుతారు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: నీ జవాబు చివర చెప్పు.

ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. జపాన్‌లో కౌరు ఇషికావా అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉండేవాడు. 1962లో అక్కడ ఫోర్‌మన్‌ల కోసం నాణ్యత మీద ఒక పత్రిక మొదలైంది. దాన్ని ఒక్కొక్కరూ విడిగా చదవడం కాకుండా, ఒకేచోట పనిచేసేవాళ్లు కలిసి చదివి, తమ పనిలోని లోపాలను తామే పరిశీలించుకోవాలని ఇషికావా ప్రోత్సహించాడు. క్వాలిటీ సర్కిళ్లు అలా పుట్టాయి. మన దేశంలో వాటికి శ్రీకారం చుట్టింది ఈ ఊళ్లోనే. 1980లో ఎస్.ఆర్. ఉడ్ప చొరవతో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో మొదలయ్యాయి. రెండేళ్లకు సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం కూడా ఏర్పడింది. పద్ధతి చాలా సాదా. ఒకే సెక్షన్‌లోని ఆరు నుంచి పది మంది, ఇష్టమున్నవాళ్లే, వారానికి ఓ గంట కూర్చుంటారు. ఏ సమస్య తీసుకోవాలో వాళ్లే ఎంచుకుంటారు. ఆఫీసరు చేయాల్సిందల్లా ఆ గంటను కాపాడటం, అడిగిన సమాచారం ఇవ్వడం.

ఇందులో మర్మం ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. లేత్ సెక్షన్‌లో పొద్దుటి షిఫ్టులో చెక్కిన జాబులు కొన్ని కొలత తప్పుతున్నాయనుకో. ఆఫీసు గదిలో కూర్చున్నవాడికి వెంటనే తట్టేది 'ఆపరేటర్ అశ్రద్ధ'. వార్నింగ్ ఇస్తాడు, కొలత మాత్రం మళ్లీ తప్పుతుంది. అదే సర్కిల్‌లో అయితే బోర్డు మీద ఇషికావా చేప ముల్లు బొమ్మ గీస్తారు. తల దగ్గర సమస్య, ముళ్ల మీద మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి. ఒక్కో ముల్లు దగ్గర ఏ కారణం ఉండొచ్చో అందరూ చెబుతారు. తర్వాత ఏ గంటలో ఎన్ని జాబులు పోతున్నాయో వారం పాటు గీతలు పెట్టి లెక్కిస్తారు. పోయేవన్నీ మొదటి అరగంటలోవేనని తేలుతుంది. ఆ అరగంటలో ఏముంది? మెషిన్ చల్లగా ఉంది. నడిచేకొద్దీ స్పిండిల్ వేడెక్కి కాస్త సాగుతుంది. నిన్న సాయంత్రం వేడి మీద చేసిన సెట్టింగు ఈ పొద్దుటి చల్లదనానికి సరిపోదు. ఇక పరిష్కారం చిన్నది: పని ఎత్తుకునే ముందు మెషిన్‌ను కాసేపు ఉత్తగా తిప్పడం. రోజూ దాని మీద చెయ్యి వేసేవాడికి ఆ వేడి సంగతి ఎప్పటినుంచో తెలుసు. అడిగినవాడే లేడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా.

మీ దగ్గర లేత్‌లు లేవు. కానీ కస్టమర్ ఫోన్లు ఎత్తే పిల్ల, రాత్రిపూట సర్వర్లు చూసుకునే కుర్రాడు, పోయిన నెలలో చేరి అన్నిటికీ 'ఇదెందుకు ఇలా?' అని అడిగే కొత్త మనిషి ఉంటారు. సమస్య మీద చెయ్యి వేసి ఉన్నది వాళ్లే. మొదటి మాట వాళ్లది కానివ్వు.

వాళ్లు చెప్పాలంటే భయం ఉండకూడదు. టయోటా కార్ల ఫ్యాక్టరీలో లైన్ వెంట ఒక తాడు కట్టే పద్ధతి పెట్టారు. ఏ పనివాడైనా తేడా కనిపిస్తే దాన్ని లాగొచ్చు. వెంటనే టీం లీడర్ వస్తాడు. కారు ఆ పనివాడి స్టేషన్ దాటేలోపు సర్దుబాటు కాకపోతే లైన్ ఆగిపోతుంది. లైన్ ఆగితే డబ్బు నష్టమే, అయినా ఆ హక్కు ఇచ్చారు. దాచిన సమస్యకు పరిష్కారం ఎవరూ ఆలోచించలేరు మరి. మీ టీంలో తాడు లాగినవాణ్ణి నువ్వు అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు చేశారు?' అయితే, రెండోసారి ఎవరూ లాగరు. 'ఏం జరిగింది?' అని అడుగు.

ఇక అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి 'తోచింది చెప్పండి' అంటే ఆలోచనలు వరద కడతాయని మీ శిక్షణ తరగతుల్లో చెప్పి ఉంటారు. బ్రెయిన్‌స్టార్మింగ్ అనే ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బర్న్. ఆలోచన చెప్పేటప్పుడు తప్పులెన్నకూడదన్న అతని నియమం మంచిదే, పాటించు. కానీ 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, నలుగురు విడివిడిగా ఆలోచించి చెప్పినవి కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. నలుగురిలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఈలోపు తమకు తట్టింది జారిపోతుంది, లేదా చెప్పడానికి సిగ్గేస్తుంది. కాబట్టి ముందు పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లను రాసుకోనివ్వు. తర్వాత ఒక్కొక్కరి చేత చదివించు, అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టి. నీ కాగితం ఆఖర్న చదువు. అప్పటికి నీది వేరే ఎవరో చెప్పేసి ఉండవచ్చు. అది వాళ్ల పేరు మీదే ఉండనివ్వు.

అసలు కష్టం దీని తర్వాత వస్తుంది. 1970ల్లో, 80ల్లో అమెరికా కంపెనీలు సర్కిళ్లను ఎగబడి పెట్టాయి. 1985కల్లా లాలర్, మోర్మన్ అనే ఇద్దరు పరిశోధకులు అవి నీరసించిపోవడం గురించి రాశారు. సభ్యులు కష్టపడి ప్రతిపాదన తయారుచేస్తారు. అమలు చేయాల్సిన మధ్యస్థాయి మేనేజర్లకు దాని మీద ఆసక్తి ఉండదు. ఫైలు అక్కడే ఆగుతుంది. జవాబు రాని మనిషి రెండో ఆలోచన ఇవ్వడు. ఇక్కడ మధ్యస్థాయి అంటే నువ్వే, తల్లీ. వచ్చిన ప్రతి సూచనకూ ఒక తేదీ చెప్పు, ఆ తేదీకి జవాబు ఇవ్వు. కుదరదనుకుంటే కారణంతో సహా కుదరదని చెప్పు. అనుమానంగా ఉన్నదాన్ని కొట్టిపారేయకుండా, చిన్నచోట కొద్దిరోజులు నడిపి చూడనివ్వు.

అన్నివేళలా ఇలా కుదరదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు కాగితాలు పంచుతూ కూర్చోలేవు. అప్పుడు ఆజ్ఞ ఇచ్చెయ్యి, చేయించు. అది ఎందుకు పడిపోయిందో తేల్చే పని మాత్రం మర్నాడు వాళ్లకు వదిలిపెట్టు.

ఈ వారం ఒక్కటి చేసి చూడు. ఇప్పుడు మిమ్మల్ని వేధిస్తున్న చిక్కుల్లో మరీ ప్రాణం మీదికి రానిది ఒకటి తీసుకో. పరిష్కారం నీకు తెలిసినదైతే మరీ మంచిది. సమస్యను మాత్రం చెప్పి ఊరుకో. గదిలో నిశ్శబ్దం వస్తుంది. అది నీకు చాలా ఇబ్బందిగా ఉంటుంది, వాళ్లకూ ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని ముందు వాళ్లనే తెంచనివ్వు. ఏమైందో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న