లాటిన్ మెడికల్ సీటుకు నిచ్చెన కాదు

అమెరికాలో, బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో పిల్లలు ఎనిమిదో తరగతికి రాగానే ఒక మాట మొదలవుతుంది. లాటిన్ తీసుకుంటే అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో స్కోరు పెరుగుతుందట, మెడిసిన్‌లో పదాలన్నీ గ్రీకు, లాటినే కాబట్టి డాక్టర్ చదువు తేలికవుతుందట, పెద్ద యూనివర్సిటీలకు పెట్టే అప్లికేషన్‌కు బరువొస్తుందట. ఆ వెంటనే ఆన్‌లైన్ ట్యూటర్, వారానికి మూడు క్లాసులు, గంటకింత అని డాలర్లు. పిల్లవాడికి ఆ సబ్జెక్టు ఇష్టమా అని అడిగేవాళ్లు తక్కువ. ప్రాచీన గ్రీసు, రోమ్ నాగరికతల చదువంటే నాకు గౌరవం, వాటిని బోధించే వృత్తి అంటే ఇంకా గౌరవం. అందుకే ఈ నమ్మకం తప్పని గట్టిగా చెబుతున్నాను. ఆ చదువులో నిజంగా ఉన్నదాన్ని వదిలేసి, లేనిదాని కోసం పిల్లల్ని అందులోకి తోస్తున్నాం.

నూరేళ్ల కిందటే ఈ నమ్మకాన్ని పరీక్షించి చూశారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ వేలమంది హైస్కూల్ విద్యార్థులకు ఏడాది మొదట్లో, చివర్లో పరీక్షలు పెట్టి, ఏ సబ్జెక్టు చదివినవాళ్ల ఆలోచనాశక్తి ఎంత పెరిగిందో పోల్చి 1924లో ఫలితాలు ప్రకటించాడు. లాటిన్ వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనపడలేదు. మొదటినుంచీ చురుకైన పిల్లలు లాటిన్‌లో చేరుతున్నారు, లోకం ఆ చురుకుదనాన్ని లాటిన్ ఖాతాలో జమ చేస్తోంది, అంతే. 2003లో హాగ్, స్టెర్న్ అనే ఇద్దరు పరిశోధకులు స్పానిష్ నేర్చుకుంటున్న జర్మన్ విద్యార్థులను గమనించారు. బడిలో ఫ్రెంచ్ చదివి వచ్చినవాళ్లు, లాటిన్ చదివి వచ్చినవాళ్లకన్నా మెరుగ్గా రాశారు. లాటిన్ స్పానిష్‌కు తల్లే అయినా, తోబుట్టువు ఫ్రెంచే ఎక్కువ అక్కరకొచ్చింది. ఇక శాట్ సంగతి చూస్తే, అరుదైన పదాలతో ఖాళీలు పూరించే ప్రశ్నల్ని 2016లోనే తీసేశారు. బ్రిటన్ మెడికల్ కాలేజీలు ప్రధానంగా చూసేది కెమిస్ట్రీ, బయాలజీ. కార్డియో, హెపాటో లాంటి గ్రీకు ముక్కల్ని ఏ మెడికల్ విద్యార్థి అయినా చదువులో భాగంగా ఎలాగూ నేర్చుకుంటాడు. వాటికోసం ఇష్టంలేని పిల్ల చేత నాలుగేళ్లు విభక్తులు వల్లె వేయించడం ఆ పిల్ల బాల్యానికి మనం చేసే అన్యాయం.

ఈ నమ్మకానికి వేరు మన చరిత్రలోనూ ఉంది. ఐసీఎస్ పోటీ పరీక్షకు మెకాలే కమిటీ 1854లో మార్కులు ఖాయం చేసినప్పుడు గ్రీకుకు 750, లాటిన్‌కు 750 ఇచ్చింది. సంస్కృతానికి, అరబిక్‌కు చెరి 375తో సరిపెట్టింది. పెద్ద కొలువు కావాలంటే గ్రీకు, లాటిన్ రావాలన్న లెక్క అలా మన బుర్రల్లోకెక్కింది. ఆ మార్కులు ఇంగ్లండ్ యూనివర్సిటీల కుర్రాళ్లు చదివే చదువును చూసి వేసిన తూకం. ఆ భాషల్లో పాలనాదక్షత దాగి ఉందని కాదు. పరీక్ష మారింది, తూకమూ మారింది. ఇవాళ యూపీఎస్సీ జనరల్ స్టడీస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దంతో మొదలవుతుంది. ఫిలాసఫీ, పొలిటికల్ సైన్స్ ఆప్షనల్స్‌లో ప్లేటో, అరిస్టాటిల్ ఉన్నారు. ఆ రెండు పేర్లు చూపించి ప్రాచీన ప్రపంచం పేరుతో ఏ కోచింగ్ సెంటరైనా విడిగా ప్యాకేజీ అమ్మితే కొనకండి.

మరి ఆ చదువులో ఉన్నదేమిటి? ప్రాచీన రోమన్ పట్టణం పొంపేయి శిథిలాల్లో 1875లో కేసీలియస్ యుకుండస్ అనే వేలంపాటల వ్యాపారి ఇంట్లో నూట యాభైకి పైగా పలకలు బయటపడ్డాయి. చెక్కకు మైనం పూసి, మొనదేలిన ఘంటంతో గీకి రాసి, దారంతో కట్టి, సాక్షుల ముద్రలు వేసిన రసీదులవి. అన్నిటికన్నా పాతది క్రీ.శ. 15 నాటిది, ఒక కంచరగాడిదను 520 సెస్టర్సులకు (రోమన్ నాణేలకు) అమ్మిన లెక్క. ఇంకొన్నింటిలో పట్టణమే యజమానిగా ఉన్న ప్రివాటస్ అనే బానిస, అద్దె ముట్టిందని తన పేరుతో రాసి ఇచ్చాడు. మంచి టీచరు ఇలాంటి పలక ఫొటో ఒక్కటి బోర్డు మీద పెట్టి గంటసేపు తరగతిని నడపగలరు. తన శరీరం మీదే హక్కు లేని మనిషి రాసిన రసీదు ఊరి డబ్బు లెక్కకు ఎలా చెల్లింది? ఇంతమంది సాక్షులెందుకు? వాళ్ల పేర్ల వరుస ఎవరు నిర్ణయించారు? ఇంట్లో ప్రోనోటు మీద సాక్షి సంతకాలు చూసిన మన పిల్లలు ఈ ప్రశ్నల్లోకి ఎంత సులువుగా దిగుతారో ఊహించుకోవచ్చు. ఇదే కేసీలియస్‌ను కథానాయకుడిగా పెట్టి 1970లో మొదలైన కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు పాఠ్యపుస్తకాల్లో, ఇటీవలి కూర్పు వచ్చేసరికి బానిసల్నీ స్త్రీలనూ చూపించే తీరు మార్చుకోవాల్సి వచ్చింది. గ్రీసును, రోమ్‌ను ఆరాధనతో కాక, ప్రశ్నిస్తూ చెప్పే టీచర్లు ఇప్పుడు కావాలి.

పరాయి నాగరికత మనకెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్‌లో కృష్ణా తీరపు ప్రాంతంగా పండితులు గుర్తించే మసాలియా పేరుంది, అక్కడ నేసే సన్నబట్టల ప్రస్తావన ఉంది. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. భారతదేశపు సరుకులకు ఏటా 5 కోట్ల సెస్టర్సులు కరిగిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మన నేతగాళ్ల పనితనానికి సాక్ష్యం ఆ భాషల్లో ఉన్నప్పుడు, అది చదవగలిగినవాళ్లు మనలోనూ కొందరు ఉండాలి.

ఉద్యోగాల మాటకొస్తే, తక్కువే. దాచను. ఇంగ్లండ్‌లో 11-14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ బడులు 2.7 శాతం, ప్రైవేటు బడులు 49 శాతం అని అక్కడి ప్రభుత్వమే 2021లో చెప్పింది. ఆ అంతరం తగ్గించడానికి 40 లక్షల పౌండ్లతో 40 బడుల్లో ఒక పథకం పెట్టింది. 2025 ఫిబ్రవరిలో, విద్యాసంవత్సరం ఇంకా నడుస్తుండగానే, నిధులు ఆపేసింది. ఆ పథకాన్ని నమ్ముకుని లాటిన్ ఒక్కటే చేతిలో పెట్టుకున్న టీచరు ఇబ్బంది పడక తప్పదు. అందుకే నా మొగ్గు క్లాసికల్ సివిలైజేషన్ వైపు. హోమర్, వర్జిల్‌లను అనువాదంలో చదివిస్తూ, కళ, రాజకీయం, మతం కలిపి చెప్పే సబ్జెక్టు ఇది. మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్‌లో దీన్ని తీసుకోవడానికి గ్రీకు, లాటిన్ రానక్కర్లేదు. హిస్టరీ, ఇంగ్లిష్ టీచర్లే అదనపు శిక్షణ తీసుకుని దీన్ని చెబుతున్నారు. ఒక చేత హిస్టరీ, ఇంకో చేత ఈ సబ్జెక్టు ఉన్నవాళ్లకు ఒకటి మూతపడినా రెండోది ఉంటుంది. మన దేశంలోనూ దారి హిస్టరీ గుండానే. సీబీఎస్‌ఈ పదకొండో తరగతి చరిత్రలో రోమ్ సామ్రాజ్యం మీద ఒక అధ్యాయముంది, ఢిల్లీ యూనివర్సిటీ బీఏ హిస్టరీ ఆనర్స్‌లో ఏథెన్స్, స్పార్టా ఉన్నాయి. హిస్టరీలో పీజీ, బీఈడీ ఉంటే పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పే టీచర్ (పీజీటీ) పోస్టులకు పోటీపడవచ్చు.

అనువాదంలో చదివితే అరకొర చదువేగా అని పండితులు అంటారు. పరిశోధనకైతే వాళ్ల మాట నిజం. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు రెండు భాషలూ గట్టిగా రావాలి, అందులో మినహాయింపు లేదు. కానీ పదిహేనేళ్ల పిల్లలకు ఒడిస్సీ రుచి చూపించడానికి గ్రీకు వ్యాకరణం అడ్డుగోడ కానక్కర్లేదు. మహాభారతాన్ని మనలో ఎక్కువమంది సంస్కృతంలో చదవలేదు, తెలుగులోనే మనదైంది.

అసలు భయం ఖర్చు దగ్గర. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థికి క్లాసిక్స్ (గ్రీకు, రోమన్ చదువుల) డిగ్రీ ఫీజు ఒక్కటే ఏడాదికి పాతిక లక్షల రూపాయలు దాటే చోట్లు చాలా ఉన్నాయి. తిండి, గది అద్దె వేరు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి, మూడు నాలుగేళ్లు అక్కడ క్లాసిక్స్ చదివి, టీచర్ జీతంతో ఆ అప్పు తీర్చడం చాలా కష్టం. ఈ చదువును ప్రేమిస్తూనే ఈ మాట చెబుతున్నాను. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు యూనివర్సిటీల నుంచి కమీషన్ రావచ్చు, కాబట్టి జీతం అంకె వాళ్ల నోట వినకండి. అక్కడి ప్రభుత్వ టీచర్ల జీతాల పట్టిక అందరికీ అందుబాటులో ఉంటుంది, దాన్ని తెరిచి నెలవారీ ఈఎంఐ పక్కన పెట్టి చూడండి. టీచర్ శిక్షణకు ఇచ్చే బర్సరీలు ఏటా మారతాయి, విదేశీయులకు వర్తిస్తాయో లేదో ఆ ఏటి నిబంధనల్లో చదివాకే లెక్కలో వేసుకోండి. ఇక్కడే హిస్టరీలో డిగ్రీ, పీజీ చేసి, ఆ తర్వాత పూర్తి ఫండింగ్ దొరికితేనే బయటికి వెళ్లడం నేను సూచించే క్రమం. అక్కడే పుట్టి పెరిగి, స్థానిక ఫీజుతో చదివే మన పిల్లలకు ఈ చిక్కు తక్కువ. వాళ్ల తల్లిదండ్రులు అడ్డు తప్పుకుంటే చాలు.

ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ మధ్య నలుగుతున్న పిల్లలెవరైనా గ్రీకు పురాణాల పుస్తకం పట్టుకుని కనిపిస్తే, దాన్ని ఏ సీటుకూ ముడిపెట్టకండి. ఒక వేసవి సెలవుల్లో ఒడిస్సీ అనువాదం, పదకొండో తరగతి రోమ్ అధ్యాయం చేతిలో పెట్టండి, పరీక్ష పెట్టకండి. చదివిందాన్ని చెల్లెలికో తమ్ముడికో తమంతట తామే కూర్చోబెట్టి చెబుతున్నారేమో గమనించండి. చెబుతుంటే, బీఏ హిస్టరీ కాలేజీల జాబితా తెచ్చుకుని వాళ్లతో కలిసి కూర్చోండి.