నడిచే బిడ్డ, రేపు బండి తోలే బిడ్డ

బడి వదిలే వేళ దాటి పది నిమిషాలైనా బిడ్డ ఇంటికి రాకపోతే గుండె ఎలా కొట్టుకుంటుందో మనందరికీ తెలుసు. మన నెల్లూరు జిల్లాలో కావలి ట్రంకురోడ్డు దాటాల్సిన పిల్లల తల్లిదండ్రులైనా, ముత్తుకూరు దారిలో పోర్టు లారీల పక్కనే సైకిలు తొక్కే పిల్లల తల్లిదండ్రులైనా, ఇందుకూరుపేట నుంచి మైపాడు వైపు రొయ్యల బండ్లు తిరిగే రోడ్డు అంచున నడిచే పిల్లల తల్లిదండ్రులైనా చివరికి అనేది ఒకటే మాట: "మా బిడ్డకు మేం ఎంతైనా జాగ్రత్త చెప్తాం. ఎదుటి బండివాడికి ఎవరు చెప్తారు?"

ఈ భయం ఉత్తది కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లే. దాదాపు అయిదుగురిలో ఒకరు ఏ బండీ ఎక్కకుండానే పోయారు. కాబట్టి మీరు మరీ ఎక్కువ దిగులు పడుతున్నారని ఎవరైనా అంటే మనసు చిన్నబుచ్చుకోకండి. ఆ దిగులుతో మనం ఏం చేస్తున్నామన్నదే కాస్త నింపాదిగా చూసుకుందాం.

"చూసుకుని దాటు నాయనా" అని రోజూ చెప్తాం. పిల్లలు తలూపుతారు. ఏడేళ్ల బిడ్డకు ఆ చూసుకోవడం ఎంత కష్టమో మనకు తట్టదు. ఆగివున్న ఆటో వెనక నిలబడితే మనకు రోడ్డు కనపడుతుంది, బిడ్డకు ఆటో మాత్రమే కనపడుతుంది. వచ్చే బండి దూరంగా ఉందో దగ్గరగా ఉందో బిడ్డ చెప్పగలదు గానీ, ఎంత వేగంగా వస్తోందో పోల్చుకోలేదు. ఇంగ్లండులోని రాయల్ హాలోవే యూనివర్సిటీ పరిశోధకులు ప్రైమరీ బడి పిల్లలను పరీక్షించి, గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటితే ఆ వేగాన్ని పిల్లల చూపు సరిగ్గా పట్టుకోలేదని తేల్చారు. మన ఊరి నడిబజారులో కుర్రాళ్ల బండ్లు అంతకంటే మెల్లగా పోతున్నాయా?

చిన్నపిల్లల మనసులో ఇంకో నమ్మకం ఉంటుంది. తనకు బండి కనపడితే, బండివాడికి తానూ కనపడినట్టేనని బిడ్డ అనుకుంటుంది. రోడ్డుకు అవతల అమ్మ కనపడితే మధ్యలో రోడ్డు ఉందన్న సంగతే మరిచిపోతుంది. అందుకని అవతలి పక్క నిలబడి "రా" అని ఎప్పుడూ చెయ్యి ఊపకండి. మనమే దాటివెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొద్దాం. బిడ్డ ఒక్కసారిగా ఉరికితే "ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి లేదు" అని కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. బుద్ధి ఉంది, వయసే ఇంకా రాలేదు. స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే మనస్తత్వవేత్త 1960లలోనే పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, వాళ్లను ట్రాఫిక్‌కు తగ్గట్టు మలచలేమని, ట్రాఫిక్కే వాళ్లకు తగ్గట్టు మారాలని చెప్పింది. మారాల్సింది పెద్దవాళ్లే.

ఇక్కడొక కష్టమైన మాట చెప్పుకోక తప్పదు. మనం భయపడే ఆ ఎదుటి బండివాడు, పక్కవీధి తల్లికి మనమే.

పొద్దున బడి గేటు దగ్గర చూడండి. బిడ్డ నాలుగడుగులు కూడా ఎండలో నడవకూడదన్న ప్రేమతో ప్రతివాళ్లం బండిని గేటు దాకా తెస్తాం. ముందువాళ్లు కదలకపోతే హారన్ కొడతాం. నడిచొచ్చే పిల్లలు ఆ చక్రాల సందుల్లోంచి ఒదిగి ఒదిగి లోపలికి పోవాలి. ఇంట్లో బండి లేనివాళ్ల పిల్లలు, అక్క చెయ్యి పట్టుకుని వచ్చే పిల్లలు వాళ్లలోనే ఉంటారు. మన ప్రేమలో లోటు లేదు. అది మన బిడ్డ దగ్గరే ఆగిపోతోంది, అంతే.

స్కూటర్ మీద నాన్న ముందు నిలబడ్డ బిడ్డ అన్నీ చూస్తూ ఉంటుంది. ఒక ముసలమ్మ మెల్లగా దాటుతుంటే నాన్న హారన్ మీద హారన్ కొట్టడం చూస్తుంది. "కళ్లు కనపడవా" అని అరవడం వింటుంది. కొంచెం దూరమేగదా అని ఎదురుదారిలో పోవడం, సెల్లు భుజానికి ఆనించి మాట్లాడుతూ తోలడం చూస్తుంది. నాన్న చేసింది తప్పనుకునే వయసు కాదది. బండి ఉన్నవాళ్లు పోవాలి, నడిచేవాళ్లు తప్పుకోవాలి అన్న పాఠం ఎవరూ చెప్పకుండానే మనసులోకి దిగిపోతుంది. పదేళ్ల తర్వాత అదే బిడ్డ బండి తాళం అడుగుతుంది.

అప్పుడు మనకు రెండో పరీక్ష. తొమ్మిదో తరగతి అబ్బయ్య "అందరూ బండ్ల మీదే ట్యూషన్‌కు వస్తున్నారు, నాకే లేదు" అంటాడు. ఆ మాట తేలిగ్గా తీసేయకండి. వాడు అడిగేది పైకి బండి. లోపల అడిగేది స్నేహితుల్లో చోటు. ఆ చిన్నతనం వాడికి నిజంగానే నొప్పి. ఆ నొప్పి చూడలేకనే మనం తాళం ఇచ్చేస్తాం. పదిహేనేళ్లకు కాళ్లూ చేతులూ బండికి సరిపోతాయి. తొందరను ఆపుకునే శక్తి మాత్రం మెదడులో ఇరవై దాటాక గానీ గట్టిపడదు. వెనక ఒక స్నేహితుడు ఎక్కితే, మనకు తెలిసిన ఆ నెమ్మదైన పిల్లవాడు వేరే మనిషైపోతాడు.

చట్టం కూడా ఈ విషయంలో మనవైపే చూస్తుంది. గేర్లున్న బండికైనా, ఇప్పుడు మనం కొనే స్కూటర్లలో చాలావాటికైనా 18 నిండాలి. 16 ఏళ్లకు లైసెన్సు దొరికేది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులో బండి యజమానో దోషి అవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇదంతా చదివి బెదిరిపోవద్దు. బిడ్డకు "వద్దు" అని ఊరికే చెప్పకుండా, "పద్దెనిమిది నిండిన వారంలో లైసెన్సుకు నేనే తీసుకెళ్తా" అని చెప్పండి. ఎదురుచూడటానికి ఒక తేదీ ఉంటే పిల్లలు ఓర్చుకుంటారు. అందాకా మంచి సైకిలు కొనిపెట్టి, దాన్ని తక్కువగా మాట్లాడకుండా ఉందాం. మన రాష్ట్రంలో సర్కారు బళ్లలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద సైకిళ్లు ఇచ్చినప్పుడు ఎంతమంది పిల్లలు ధీమాగా బడికి వెళ్లారో గుర్తుచేసుకోండి. ఆ పిల్లలకు కావాల్సిందల్లా భయం లేని రోడ్డంచు.

ఊరు మారుతుందా అని నిరాశ పడొద్దు. మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండుగకు లక్షలమంది స్వర్ణాల చెరువు దగ్గరికి, బారాషహీద్ దర్గాకు వస్తారు. ఆ రోజుల్లో బండ్లను దూరంగానే నిలిపేసి, దారిని నడిచేవాళ్లకు వదిలేస్తాం. ఊరేమీ ఆగిపోదు. పండక్కి చేయగలిగింది బడి ముందు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చేయలేమా? నెదర్లాండ్స్‌లో 1971లో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోతే, అక్కడి తల్లిదండ్రులు కలిసి వీధుల్లోకి వచ్చారు. ఈనాడు అక్కడి పిల్లలు సైకిళ్ల మీద నిశ్చింతగా బడికి పోతున్నారంటే దాని వెనక వాళ్ల పట్టుదల ఉంది. మనకు సుప్రీంకోర్టు అండ కూడా ఉంది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో చెప్పింది. బడి ముందు స్పీడ్ బ్రేకరు, తెల్లచారలు, దుకాణాలు ఆక్రమించని నడకదారి, లారీలకు బడి వేళలు కాకుండా వేరే సమయం కావాలని పదిమంది తల్లిదండ్రులం కలిసి మున్సిపాలిటీకో పంచాయతీకో అర్జీ పెడదాం. ఒక్కరు అడిగితే ఫిర్యాదంటారు, పదిమంది అడిగితే వినక తప్పదు.

అర్జీ కదిలేలోపు మన చేతిలో ఉన్నవి చేద్దాం. బడికి వంద గజాల ఇవతలే బండి ఆపి, మిగతా దూరం బిడ్డతో కబుర్లు చెప్తూ నడుద్దాం. బండెక్కే బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ పెడదాం. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటే వేగం తగ్గిద్దాం. ఎవరైనా దాటుతుంటే బండి ఆపి, ఎందుకు ఆపామో బిడ్డకు వినపడేలా చెప్పుదాం: "అవ్వ దాటుతోంది, ముందు ఆమె పోవాలి."

కొన్నాళ్లకు మన వేగం పెరిగినప్పుడు వెనకనుంచి బిడ్డే "నాన్నా, మెల్లగా" అంటుంది. ఆరోజు విసుక్కోకండి, "నాకు తెలుసులే" అనకండి. వెంటనే వేగం తగ్గించి, మంచిమాట చెప్పావని మెచ్చుకోండి. తన మాటకు ఇంట్లో విలువ ఉందని తెలిసిన బిడ్డ, రేపు తన చేతికి తాళం వచ్చాక నడిచేవాళ్లకూ ఆ విలువ ఇస్తుంది.