కంప్యూటరు రక్షణ పరీక్షలు – గ్రామ యువజనులు చదువవలసిన తీరు

పట్టణములందలి శిక్షణ కేంద్రముల ప్రకటనలు నేడు పల్లెలకును చేరుచున్నవి. కొద్ది నెలలలో సర్టిఫికేటు, ఆపై ఉద్యోగము అను మాటను నమ్మి, పంట అమ్మిన సొమ్మును ఫీజులక్రింద చెల్లించు తల్లిదండ్రులు కలరు. డిగ్రీయో, పాలిటెక్నిక్కో ముగించిన యువతీయువకులు పంచాయతీ సభ్యులను సలహా అడుగుటయు సహజము. కావున ఈ పరీక్షలు ఎట్టివి, వానికి ఎట్లు చదువవలెను, ధనము ఎచ్చట వృథా యగును అను విషయములను సభ్యులు తెలిసికొనియుండుట మేలు.

పరీక్షల స్వరూపము

ఈ రంగమున క్రొత్తగా ప్రవేశించువారికై కాంప్‌టియా అను అమెరికా సంస్థ నిర్వహించు పరీక్షలు ప్రసిద్ధమైనవి. వానిలో ‘ఏ ప్లస్’ కంప్యూటర్ల అమరికకు, మరమ్మతుకు సంబంధించినది. ‘నెట్‌వర్క్ ప్లస్’ కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు విధానమును, ‘సెక్యూరిటీ ప్లస్’ సమాచార రక్షణను పరీక్షించును. ఏ ప్లస్‌కు రెండు పరీక్షలు, తక్కినవానికి ఒక్కొక్క పరీక్ష కలవు. ఒక్కొక్క పరీక్షకు కాలము 90 నిమిషములు; ప్రశ్నలు 90కి మించవు. సెక్యూరిటీ ప్లస్ నందు 100 మొదలు 900 వరకు గల కొలతలో 750 వచ్చినవారు ఉత్తీర్ణులగుదురు. సర్టిఫికేటు మూడు సంవత్సరములు చెల్లును. తెలుగున ఈ పరీక్షలు లేవు. మన విద్యార్థులు ఆంగ్లమునందే వ్రాయవలసియున్నది.

2023 నవంబరులో వెలువడిన సెక్యూరిటీ ప్లస్ పాఠ్యప్రణాళికలో ఐదు భాగములు కలవు. మూల భావములకు నూటికి 12, ప్రమాదములు, లోపములు, వాని నివారణకు 22, రక్షణ నిర్మాణమునకు 18, దైనందిన రక్షణ కార్యములకు 28, పర్యవేక్షణకు 20 వంతున ప్రాధాన్యము ఈయబడినది. ఏ భాగమునకు ఎంత కాలము వినియోగింపవలెనో ఈ అంకెలే చెప్పుచున్నవి.

మూల భావము

ఈ శాస్త్రమునకు మూడు స్తంభములు: గోప్యత, సమగ్రత, అందుబాటు. పంచాయతీ సభ్యులకు ఇవి క్రొత్తవి కావు. ఇంటిపన్ను రిజిస్టరును చూచుకొందము. అధికారము లేనివారు అందలి వివరములను చూడరాదు, ఇది గోప్యత. ఎవరును రహస్యముగా అంకెలు దిద్దరాదు, ఇది సమగ్రత. పన్ను చెల్లింప వచ్చినవానికి రసీదు వ్రాయు వేళకు రిజిస్టరు చేతికందవలెను, ఇది అందుబాటు. బీరువాకు తాళము, దిద్దుబాటుకు సంతకము, నకలు ప్రతి అను మన పాత కట్టుబాట్లే కంప్యూటరునందు పాస్‌వర్డు, లాగు, బ్యాకప్పు అను పేర్లతో నడచుచున్నవి.

చదువు పద్ధతి

మొదట, సంస్థ ఉచితముగా ఇచ్చు పాఠ్యాంశముల పట్టికను తీసికొనవలెను. అందలి ప్రతి అంశమును తెలుగులో ఇంటివారికి విప్పి చెప్పగలిగినప్పుడే దాని ఎదుట గుర్తు పెట్టవలెను. రెండవది, చేతితో పని చేయవలెను. 443 అను పోర్టు సంఖ్యను కంఠస్థము చేసిన చాలదు. ఆ ద్వారము మూయబడిన యెడల సురక్షితమైన వెబ్‌సైటు ఏల తెరచుకొనదో చెప్పగలుగవలెను. లినక్స్, వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాధనములతో ఒకే యంత్రమున వేఱొక కంప్యూటరును సృష్టించుకొని అభ్యసింపవచ్చును. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ప్రారంభ పాఠములను ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా అందించుచున్నది. మూడవది, గడియారము ముందుంచుకొని నమూనా పరీక్షలు వ్రాయవలెను. తెరపై పని చేసి చూపవలసిన ప్రశ్నలు సాధారణముగా మొదటనే వచ్చును. వానియొద్దనే కాలమంతయు గడపక, తక్కినవి ముగించి మరల వానికి రావచ్చును.

అభ్యాసము తన యంత్రముపైననే జరుగవలెను. అనుమతి లేక పరుల కంప్యూటరునందు చొరబడుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము; మూడేండ్ల వరకు కారాగారము, ఐదు లక్షల రూపాయల వరకు జుల్మానా, లేక రెండును విధింపబడవచ్చును.

మోసపోకుండుటకు

పరీక్ష తప్పినవాడు మరల వ్రాయుటకు మరల ఫీజు చెల్లింపవలెను. ఈ భయమును ఆసరాగా గొని కొందరు ‘డంపులు’ అను పేర అసలు ప్రశ్నలను దొంగిలించి అమ్ముచున్నారు. వానిని వాడుట పరీక్షా నిబంధనలకు విరుద్ధము. పట్టుబడినచో సర్టిఫికేటు రద్దగును. పట్టుబడకున్నను, ఉద్యోగపు ముఖాముఖిలో రెండు ప్రశ్నలకే విద్యార్థి నిజస్థితి బయటపడును. అప్పటికి తండ్రి చేసిన అప్పు మాత్రము మిగులును. ఏ సర్టిఫికేటును తనంత తానుగా ఉద్యోగము నీయదు. అది తలుపు తట్టుటకు మాత్రమే తోడ్పడును. ఉద్యోగమునకు హామీ ఇచ్చు శిక్షణ కేంద్రమును ఆ మాట కాగితముపై వ్రాసి ఈయుమని అడుగుడు. ఫీజులో పరీక్ష రుసుము కలసియున్నదో లేదో తెలిసికొనిన పిదపనే సొమ్ము కట్టవలెను.

పంచాయతీ చేయదగినది

ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయు మనకు గ్రంథాలయము క్రొత్త సంస్థ కాదు. అందొక బల్ల, పనిచేయు కంప్యూటరు, ఇంటర్నెట్టు, సాయంకాలము రెండు గంటల వెలుగు ఏర్పరచినచో నలుగురు కలసి చదువుకొందురు. బాలికలు దూరపు పట్టణమునకు పోనక్కరలేక ఊరిలోనే అభ్యసింపగలరు. ఇట్లు చదివినవారు పంచాయతీకిని అక్కఱకు వత్తురు. ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదనియు, సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెననియు వృద్ధులకు బోధింపగలరు. పరీక్ష నెగ్గుటకు ముందే ఊరికి అందు ఫలమిది. సభ్యులు వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, గ్రంథాలయములో ఒక గదిని ఇందుకు కేటాయింపగోరుచున్నాము.