పట్టు పట్టేవాడు ముందే చూసుకోవాల్సిన లెక్కలు

హోసూరు దగ్గర ఉద్దనపల్లి చుట్టుపక్కల కబడ్డీ కుర్రాళ్ళు చాలామంది వారమంతా కంపెనీ షిఫ్టులో ఉంటారు, ఆదివారం బరిలో ఉంటారు. వాళ్ళలో కార్నర్, కవర్ ఆడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కూతకు వెళ్ళినవాడు తెచ్చే పాయింట్లు ఊరంతా లెక్కపెడుతుంది. పట్టు పట్టేవాడి పని అంతగా కంటికి ఆనదు. అందుకే అతను తన లెక్క తానే చూసుకోవాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ డిఫెండర్లదీ ఇదే పరిస్థితి. అక్కడి లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో టీమ్ రోస్టర్‌లో 53 మంది ఉంటారు. సగటు కెరీర్ 3.3 ఏళ్ళని ఆటగాళ్ళ యూనియన్ చాలాకాలంగా చెబుతోంది. అందుకే అక్కడ కాంట్రాక్టు చేతికి రాగానే ముందు అడిగేది, ఇందులో గ్యారంటీ ఎంత అని. మన కుర్రాళ్ళు ఆ ప్రశ్న అడగరు. ప్రొ కబడ్డీ లీగ్ వేలంలో ఎవరికి ఎంత పలికిందో చెప్పుకుంటారు.

సరే, వేలం సంగతే చూద్దాం. ఇరాన్ లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలీని 2018లో యు ముంబా కోటి రూపాయలకు తీసుకుంది. తర్వాత పుణేరి పల్టన్ 1.38 కోట్లు, గుజరాత్ జెయింట్స్ 1.60 కోట్లు పెట్టాయి. 2024 వేలంలో బెంగాల్ వారియర్స్‌కి అతను 50 లక్షలకే వచ్చాడు. ప్రొ కబడ్డీ చరిత్రలో ఎక్కువ పట్లు పట్టిన డిఫెండర్ ధరే ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పడిపోయింది. అతని పని మరిచిపోయి ఎవరూ తగ్గించలేదు. వయసు పెరిగింది, పక్కన కుర్రవాళ్ళు తయారయ్యారు.

ఇప్పుడు మీ లెక్క. 2023, 2024 వేలాల్లో అన్నిటికంటే కింది డి కేటగిరీ బేస్ ధర 9 లక్షలు. వినడానికి బాగానే ఉంటుంది. ఒక సీజన్‌లో తీసుకున్నారు, తర్వాతి రెండు సీజన్లలో ఎవరూ తీసుకోలేదు అనుకుందాం. 9 లక్షల్ని 36 నెలలకు పంచితే నెలకు 25,000. అందులోంచి పన్ను, ఫిజియో, తిండి ఖర్చు పోవాలి. హోసూరులో పర్మనెంట్ అయిన ఆపరేటర్ జీతంతో పోల్చి చూసుకోండి. లీగ్ వద్దని నేను అనను, అవకాశం వస్తే తప్పకుండా వెళ్ళండి. ఆ డబ్బును జీతం అనుకోకండి, బోనస్ అనుకోండి.

జీతం ఇచ్చేది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉంది. రైల్వే, పోలీసు, బ్యాంకులు కూడా ఆటగాళ్ళను తీసుకుంటాయి. ఇక్కడ మనవాళ్ళు పోగొట్టుకునేది వయసు దగ్గర. రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25. ఇంకో సీజన్ బాగా ఆడి అప్లై చేద్దాంలే అనుకుంటూ 26లో పడతారు. ధర్మరాజ్ చేరలాతన్ 41 ఏళ్ళ వయసులో కెప్టెన్‌గా ఉండి 2016లో పట్నా పైరేట్స్‌కి కప్పు తెచ్చాడు, నిజమే. బరిలో 41కి కూడా చోటు దొరకొచ్చు, నోటిఫికేషన్‌లో దొరకదు.

రెండో చిక్కు కాగితాలు. ఊరి పొంగల్ టోర్నమెంట్లో గెలిచిన కప్పు, నగదు, మెడలో దండ, వీటిలో ఏదీ కోటాలో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జాతీయ స్థాయికి ఫారం 2, యూనివర్సిటీ స్థాయికి ఫారం 3, స్కూలు స్థాయికి ఫారం 4 కావాలి. ఆడిన ఏడాదే సంతకం పెట్టించుకోండి. మూడేళ్ళ తర్వాత వెళితే సంతకం పెట్టాల్సిన సెక్రటరీ ఉండడు, రికార్డూ దొరకదు.

మన ప్రాంతంలో ఇంకో తలనొప్పి ఉంది. తెలుగు ఇంట్లో గంగాధర్ అని పేరు పెడతారు. తమిళంలో గకూ కకూ ఒకటే అక్షరం. బడిలో రాసిన తమిళం నుంచి ఇంగ్లీషులోకి పోయేసరికి గంగాధర్ కంగాదరన్ అవుతాడు. మార్కుల షీటులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఆట సర్టిఫికెట్‌లో మూడో పేరు. వెరిఫికేషన్ రోజున మీ యాంకిల్ హోల్డ్ ఎంత బలమైనదో ఎవరూ అడగరు. మూడూ ఒకటయ్యేలా ఇప్పుడే సరిచేయించండి.

ఇక మోకాలు. కార్నర్‌వాడు వంగి రెండు చేతులతో చీలమండ పట్టి లాగుతాడు. కూతకొచ్చినవాడు గీత వైపు పడతాడు. వెనకాల కవర్ నుంచి దూకిన మనవాడి బరువు కూడా అదే క్షణంలో మీద పడుతుంది. పాదం మట్టిలో ఇరుక్కుని ఉంటే మోకాలు మెలిపడుతుంది. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగితే ఆపరేషన్ తర్వాత మళ్ళీ బరిలోకి రావడానికి దాదాపు 9 నెలలు. 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి తెచ్చుకున్న పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం కూర్చున్నాడు. అతని వెనక ఒక టీమ్ ఉంది.

మీకేముందో చూడండి. ఈఎస్ఐ కట్ అయ్యే ఉద్యోగమైతే వైద్యం దొరుకుతుంది. ఆదివారం ఆటలో తగిలిన దెబ్బ డ్యూటీలో తగిలింది కాదు కాబట్టి సిక్‌నెస్ బెనిఫిట్ కిందే డబ్బు వస్తుంది. అది జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. దానికీ ఆరు నెలల లెక్కలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. 18,000 జీతం ఉన్నవాడికి నెలకు 12,600 చొప్పున మూడు నెలలు వస్తుంది. మిగతా ఆరు నెలలు చేతికి ఏమీ రాదు. కాంట్రాక్టు మీద ఉన్నవాడి పేరు కోలుకునే దాకా కంపెనీలో ఉంచుతారన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా ఎండకు గట్టిపడ్డ నేల మీద నగదు టోర్నమెంట్లకు పోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇంకో రెండు జాగ్రత్తలు. ట్రయల్స్‌లో సెలక్ట్ చేయిస్తానని డబ్బు అడిగేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి, ఇంజెక్షన్ ముట్టుకోకండి. డోపింగ్‌లో దొరికితే నిషేధం నాలుగేళ్ళ దాకా పడుతుంది. 21 ఏళ్ళవాడికి అది మిగిలిన కోటా వయసు మొత్తం.

మీకు 22 దాటి ఉంటే, వచ్చే ఆదివారం మ్యాచ్‌కి ముందు ఒక ఫైలు కొనండి. మార్కుల షీటు, ఆధార్, ఆట ఫారాలు అందులో పెట్టి, 25 నిండే తేదీ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి.