కణితి పుట్టిల్లు వెతికే కొలువు

నాలుక మీద వచ్చే ఒక అరుదైన గడ్డ కండరం నుంచే పుడుతుందని 1926లో రష్యన్ పాథాలజిస్టు అబ్రికోసోవ్ చెప్పారు. అలా దానికి మయోబ్లాస్టోమా అన్న పేరు స్థిరపడింది. 1962లో ఫిషర్, వెక్స్‌లర్ ఆ గడ్డను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, దాని మూలం కండరం కాదని, నరాలకు తొడుగు వేసే ష్వాన్ కణాలని వాదించారు. ఇప్పుడు దాన్ని గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ అంటున్నారు. ఇలా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కణితి మూలాన్ని వెతకడమూ ఒక కొలువే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల సైన్స్ డిగ్రీ అంటే మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల (క్యూసీ) ఉద్యోగమే గుర్తొస్తుంది. కానీ సంగారెడ్డి పక్కనే, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులున్నాయి. హైదరాబాద్‌లో పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోని రస్కా ల్యాబ్ ఈ పనికి పేరున్నవి.

ఈ రంగంలో యంత్రం కన్నా చేతిపనికే విలువ ఎక్కువ. ఆపరేషన్‌లో తీసిన ముక్కను వెంటనే మిల్లీమీటరు సైజుకు కోసి గ్లూటరాల్డిహైడ్‌లో వేయాలి. మామూలు ఫార్మలిన్‌లో పడి ఉంటే లోపలి సూక్ష్మ నిర్మాణం చెదురుతుంది. ఆ తర్వాత ఆస్మియం టెట్రాక్సైడ్‌లో వేయాలి. దాని ఆవిరి కళ్లకు ప్రమాదం, ఫ్యూమ్ హుడ్ దాటి బయటికి రానివ్వకూడదు. రెసిన్‌లో గట్టిపరిచి అల్ట్రామైక్రోటోమ్‌తో 60 నుంచి 90 నానోమీటర్ల పొరలు కోస్తారు. ఆ పొర మీద ముడత పడితే ఎంత పెద్ద పాథాలజిస్టయినా ఏమీ చెప్పలేరు.

ఒక మాట దాచకూడదు. నేడు వ్యాధి నిర్ధారణలో ముందు వరుస ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీది, జన్యు పరీక్షలది. ఒక్క ఎలక్ట్రాన్ మైక్రోస్కోపునే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. అయినా అల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా అనే అరుదైన కణితిని చూడండి. దాని కణాల్లోని స్ఫటికాలను 1964లో ఈ పరికరమే వివరంగా చూపింది, 2001లో దాని వెనక రెండు జన్యువులు అతుక్కోవడం ఉందని బయటపడింది. అది ఏ కణం నుంచి పుడుతుందో నేటికీ తేలలేదు. చేయాల్సిన పని మిగిలే ఉంది.

రోగ నిర్ధారణపై సంతకం పెట్టాలంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ పాథాలజీ లాంటి పీజీ చేయాలి. ల్యాబ్ పనికి బీఎస్సీ ఎంఎల్‌టీ, పరిశోధనకు ఎంఎస్సీతో పాటు నెట్ లేదా గేట్ దారి చూపుతాయి. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడపడం వచ్చినవారికి మందుల పొడి రేణువులను పరిశీలించే పని ఫార్మాలోనూ ఉంటుంది. ఆసక్తి ఉన్నవారు పీజీ ప్రాజెక్టును ఇలాంటి ల్యాబ్‌లోనే చేయనిమ్మని గైడ్‌ను ఇప్పుడే అడగాలి.